తాళ్ళ షావుకారు ఇల్లు

మధ్యాహ్నం. పాత ఎర్ర ఇటుకల మేడ ముందుగదిలో కుట్టుమిషను దగ్గర అత్త, గుమ్మంలో మేనకోడలు.

“అందుకే చెప్తున్నా, చెప్పులు విప్పకు. నేలంతా చెమ్మ. కాళ్ళు జిల్లుమంటాయి.”

“ఇంత ఎండల్లో కూడానా అత్తా?”

“ఈ నేలకి ఎండా వానా తేడా లేదు ఇప్పుడు. ఆ స్టూలు లాక్కుని కూర్చో. దాని మీదున్న ప్యాంట్లు పక్కన పెట్టు. మడత చెదరగొట్టకు, బ్యాంకు గుమాస్తావి. సాయంత్రానికి కావాలన్నాడు.”

“కూర్చోవడానికి రాలేదు.”

“నిలబడటానికి వచ్చావా మరి?”

“ఇల్లొకసారి చూద్దామని వచ్చాను.”

“ఇల్లెక్కడికి పోతుంది. టీ పెడతాను ఉండు.”

“టీ తరవాత. వెలుతురుండగా పైకెళ్దాం.”

“భుజానికి ఆ వేలాడేదేంటి?”

“టార్చీ, టేపూ, ఒక చిన్న సుత్తీ. గోడలో చెమ్మ కొలిచే మీటరు.”

“అత్తని చూడ్డానికి వచ్చేవాళ్ళు పళ్ళు తెస్తారు. నువ్వు సుత్తి తెచ్చావు.”

“ఈసారి తెస్తాలే పళ్ళు.”

“బయట కారెవరిది?”

“పని మీద వచ్చింది.”

“కార్లు పని మీద రావు పిట్టా. మనుషులొస్తారు.”

“ఆఫీసు పని అత్తా. చెప్తాను. ముందు పైన చూద్దాం.”

“చూడాల్సిందేముంది, నీకు తెలియని గది ఉందా ఇక్కడ? మీ అమ్మ పోయాక నిన్ను ఈ మిషను కిందే పడుకోబెట్టేదాన్ని. చక్రం తిరిగితేనే నిద్రపోయేదానివి. నేను తొక్కడం ఆపానంటే ఏడుపు.”

“తెలుసు.”

“తెలిసినదానివి ఇన్నాళ్ళూ ఎటు పోయావు?”

“ఇంజనీరుగా సొంతంగా ఆఫీసు పెట్టాను కదా. ఊపిరాడటం లేదు.”

“పెట్టావని మీ నాన్న చెప్పాడు. నువ్వు చెప్పలేదు.”

“...పైకెళ్దామా?”

“పద. మెట్లెక్కేటప్పుడు గోడవైపు నడువు. ఇనప కమ్మీ పట్టుకోకు, ఊగుతోంది. మొన్న కమిటీ వాళ్ళలో ఒకాయన దాన్ని పట్టుకుని ఎక్కబోయాడు. నేను అరిచేసరికి మొహం తెల్లబోయింది.”

“పాతకాలపు కట్టడాల కమిటీ వాళ్ళేనా?”

“వాళ్ళే. నేనూ హిస్టరీ మాస్టారూ కలిసి అర్జీ పెట్టాం కదా, ఇది పడగొట్టకూడదు, కాపాడాల్సిన ఇల్లు అని. ఒక గుంపు దిగింది. ముక్కులు పైకెత్తి ఇల్లంతా తిరిగారు. ఫొటోలు తీసుకున్నారు. వెళ్ళేటప్పుడు, బాగుందమ్మా, కానీ మేమిలా చూసి చెప్పలేం, తెలిసినవాళ్ళు పరీక్ష చేసి రాసిస్తే అప్పుడు చూస్తాం అన్నారు. ఇల్లు కొన్న కంపెనీవాళ్ళే ఆ మనిషిని పెట్టాలట. పడగొట్టేవాళ్ళే పరీక్ష చేయించడమేంటో నాకర్థం కాలేదు. వాళ్ళు విన్నదంతా నీకూ చెప్పనా?”

“నాకెందుకత్తా, చిన్నప్పట్నుంచీ వింటున్నదే.”

“విన్నావు. కానీ అప్పుడు చదువుకోలేదుగా నువ్వు. ఇప్పుడు విను. ఈ ఇల్లు కట్టినవాడు మా తాత తాత. ఓడలకి తాళ్ళూ తెరచాప గుడ్డా అమ్మేవాడు. అందుకే తాళ్ళ షావుకారు. విక్టోరియా రాణి ఇంకా బతికుండగానే కట్టాడు. ఇటుక ఇక్కడిది కాదు. దూరం నించి వచ్చే ఓడలు ఖాళీగా వస్తే ఒరిగిపోతాయని అడుగున బరువుకి ఇటుకలు వేసుకొచ్చేవాళ్ళట. వాటిని ఇక్కడ పారబోసి సరుకెక్కించుకునేవాళ్ళు. ఈయన వాటిని ఏరించుకున్నాడు. ప్రతి ఇటుకకీ ఒక పక్కన చేప ముద్ర ఉంటుంది.”

“ఉంటుంది. చేప తోక పైకి తిరిగి ఉంటుంది.”

“చూశావా. మర్చిపోలేదు.”

“ఈ మెట్టు ఎప్పుడు విరిగింది?”

“అది... మొన్నే. నువ్వు చూడాల్సింది మెట్టు కాదు. పైకి చూడు. ఆ కమానులు చూడు. ఒకటి ఎరుపు, ఒకటి పసుపు, ఒకటి ఎరుపు. ఇటుకని అరగదీసి, మధ్యలో బ్లేడు కూడా దూరనంత దగ్గరగా పెట్టారు. మాస్టారు అన్నాడు, ఇలాంటి ఇటుక పని ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా మిగల్లేదట.”

“నిజమే. నేనూ ఇంకెక్కడా చూడలేదు.”

“చూశావా మరి.”

“ఆ మూల కమానులో బీట ఎప్పట్నుంచి?”

“ఏ బీట?”

“అత్తా.”

“అదా. ఎప్పట్నుంచో ఉంది. పక్కన మేడ కట్టడానికి గొయ్యి తవ్వారే, అప్పట్నుంచి. తరవాత పెరగలేదు.”

“పెరగలేదని ఎలా తెలుసు?”

“రోజూ చూస్తున్నాను కదే.”

“అడ్డంగా ఈ కాగితం ముక్కలెవరు అంటించారు?”

“నేనే. పెరిగితే చిరుగుతుందని మాస్టారు చెప్పాడు.”

“చిరిగిపోయాయి.”

“పాత కాగితం. ఎండకి పెళుసెక్కి చిరిగింది.”

“ఈ పైది కొత్తదే.”

“...జిగురు మంచిది కాదేమో. ఇటు రా, రంగుటద్దాలు చూపిస్తాను. ఈ వేళకే బాగుంటాయి. నేల మీద చూడు, నీలం, పచ్చ, ఎరుపు. నువ్వు వీటి మీద పడుకుని, నా చెయ్యి నీలమైంది అత్తా, నా కాలు ఎర్రగైంది అత్తా అని అరిచేదానివి.”

“గోడ దగ్గర ఈ నేల పలక లేచిపోయింది.”

“ఒక్క పలకేగా.”

“ఒకటి కాదు. ఈ వరుసంతా నడుస్తుంటే లోపల డొల్ల చప్పుడొస్తోంది. వినలేదా?”

“చప్పుడుకి ఇళ్ళు పడిపోతాయా? నా మిషను చప్పుడు విని ఎప్పుడో పడిపోవాలి మరి.”

“నవ్వించకు అత్తా.”

“నవ్వితే తప్పేంటి? నువ్వు ఈ గడప దాటినప్పట్నుంచీ ఆసుపత్రికొచ్చినట్టు మొహం పెట్టావు. ఇదిగో, మాట గొట్టం. ఇది మర్చిపోయుంటావు.”

“ఇంకా పని చేస్తుందా?”

“ఎందుకు చెయ్యదు? షావుకారు కింద గదిలో బేరాలాడుతుంటే, పైనుంచి ఆయన భార్య ఇందులో నోరు పెట్టి అన్నం చల్లారిపోతోంది అనేదట. కొనడానికొచ్చినవాళ్ళంతా వినేవాళ్ళు. కమిటీ వాళ్ళు దీన్ని చూసి ఎంత మురిసిపోయారో. ఒకావిడ ఇందులో నోరు పెట్టి హలో హలో అంది.”

“కింద ఎవరున్నారు వినడానికి?”

“ఎవరూ లేరు. అందరం పైనే ఉన్నాం.”

“అటకెక్కుదాం.”

“అటకెందుకు? దుమ్ము. అక్కడేం లేదు.”

“వెనక గోడ పైభాగం అక్కణ్ణించే కనపడుతుంది.”

“వెనక గోడ... సరే. నిచ్చెన నేను పట్టుకుంటా, నువ్వెక్కు. లేదు, నేనూ వస్తా. ఈ గిలక దగ్గర జాగ్రత్త. దీనికే తాళ్ళు కట్టి వీధిలోంచి సరుకు పైకి లాగేవాళ్ళు. నూనె పెడితే ఇప్పటికీ తిరుగుతుంది. కమిటీ వాళ్ళెవరూ ఇక్కడికెక్కలేదు. బట్టలకి మరకలవుతాయనుకున్నారేమో.”

“ఒక్క నిమిషం అత్తా, ఫోను. ఆఁ నాన్నా. ఇక్కడే ఉన్నాను. ...అటక మీద. ...లేదు, ఇంకా చెప్పలేదు. ...చెప్తాను. ...నాన్నా, నేను మళ్ళీ చేస్తాను.”

“ఏం చెప్పలేదు?”

“ఏం లేదు.”

“మీ నాన్నకి తెలిసి నాకు తెలియనిది ఈ ఇంట్లో ఒక్కటే జరిగింది. అమ్మేశారు. ఇప్పుడు రెండోదేంటి?”

“నాన్నా బాబాయీ నీకు చెప్పే అమ్మారు కదా.”

“చెప్పారు. అడగలేదు. మా నాన్న ఇల్లు మగపిల్లల పేర రాశాడు, నా పేర కుట్టుమిషను రాశాడు. నాకేం బాధ లేదు, మిషనే అన్నం పెట్టింది. కానీ అడగాల్సింది. నువ్వు చెప్పు. ఏంటది?”

“ఆ కారు కంపెనీది అత్తా.”

“తెలుసు. డోరు మీద పేరు రాసుంది. సన్న సూదిలోకి దారమెక్కించేదాన్ని, అంతంత అక్షరాలు కనపడవా?”

“మరి ఎవరిదని ఎందుకడిగావు?”

“ఏం చెప్తావో విందామని.”

“కమిటీ అడిగిన పరీక్ష... అది చెయ్యాల్సింది నేనే. కంపెనీవాళ్ళు నాకిచ్చారు. ఇల్లు నిలుస్తుందా లేదా, నిలపడానికి వీలుందా లేదా, నేను రాసి సంతకం పెట్టాలి. నేనేది రాస్తే కమిటీ అదే ఖాయం చేస్తుంది.”

“ఊఁ.”

“ఊఁ ఏంటత్తా? తిట్టు.”

“తిట్టడానికి టైముంది. నీ పేరు మీద ఇదే మొదటిదా?”

“మొదటిదే.”

“మంచిది.”

“మంచిదేంటి? నాకు నిద్ర పట్టడం లేదు. వద్దని చెప్పేద్దామనుకున్నాను. చెప్తే ఇంకొకడొస్తాడు. కింద గదిలోనే నిలబడి, పాత కట్టడం, విలువేమీ లేదు అని ఒక్క ముక్క రాసి పోతాడు. కనీసం నేనయితే...”

“నువ్వయితే?”

“అన్నీ చూస్తాను.”

“చూడు మరి. నన్ను చూస్తావేం, గోడ చూడు.”

“నీకు కోపం రావట్లేదా?”

“గోడ చూడవే.”

“...టార్చి ఇటు పట్టుకో. ఇంకా పైకి. ఆ దూలం చివర.”

“దూలం గట్టిదే. ఓడల్లో వాడే కర్ర.”

“కర్ర గట్టిదే. అది కూర్చున్న చోటు చూడు. గోడలోకి ఎంత లోతు ఉండాలో అంత లేదు. బయటికొచ్చేసింది. గోడ వెనక్కి జరిగింది అత్తా.”

“గోడలు జరుగుతాయా?”

“కిందకి దిగి పెరట్లోకి వెళ్దాం. అక్కడ చూపిస్తాను.”

“పెరట్లో బట్టలారేశాను.”

“పక్కకి తీద్దాం.”

“తడిగా ఉన్నాయి.”

“అత్తా, ప్లీజ్.”

“పద. పద. నిచ్చెన జాగ్రత్త.”

ఇద్దరూ పెరట్లోకి వచ్చారు.

“ఇదిగో, ఇక్కడ నిలబడి గోడ అంచు వెంట కిందనించి పైకి చూడు. ఒక కన్ను మూసుకుని.”

“ఏముంది?”

“మధ్యలో ఏం కనపడుతోంది?”

“...కొంచెం ఎత్తుగా.”

“పొట్ట వేసింది గోడ. ఇప్పుడు ఈ సుత్తి చప్పుడు విను. ఇక్కడ. ఇది గట్టిగా ఉందా? ఇప్పుడిక్కడ.”

“కుండ మీద కొట్టినట్టుంది.”

“లోపలి పొరా బయటి పొరా విడిపోయాయి. మధ్యలో ఖాళీ. ఇక్కడే కాదు, ఈ మూలనించి ఆ మూలదాకా. ఈ సిమెంటు ఎవరు పూయించారు?”

“మా నాన్న. వాన నీళ్ళు లోపలికొస్తున్నాయని. అప్పటికి నాకు నీ వయసు కూడా లేదు. మేస్త్రీ గట్టి సిమెంటు అన్నాడు, ఇంక నూరేళ్ళు చూసుకోనక్కర్లేదన్నాడు. నేనే ఇటుకలు తడిపాను.”

“ఇలాంటి గోడ ఊపిరి పీలుస్తుంది. సున్నంతో కట్టింది కాబట్టి లోపలికి పోయిన తడి మళ్ళీ బయటికి ఆరిపోతుంది. పైన సిమెంటు కప్పేసరికి ఆ తడికి దారి లేకుండా పోయింది. ఇన్నేళ్ళూ లోపలే ఉండిపోయింది. నేల చెమ్మ కూడా అదే. ఇది పట్టుకో.”

“ఏంటిది?”

“ఇటుక. సిమెంటు పెచ్చు ఊడిన చోట గోడలోంచి తీసింది, ఇప్పుడే, వేలితో.”

“ఇటుకెక్కడిది, ఇది పొడి.”

“అవును.”

“పైపైన అలా ఉంటుందిలే. ఇంకా లోపలికి తవ్వు. లోపల గట్టిగా ఉంటుంది.”

“తవ్వాను. చెయ్యి మొత్తం దూరింది.”

“ఇంకో చోట చూడు.”

“చూశాను.”

“ఆ చివర చూడు. కిటికీ కింద. అక్కడ సిమెంటు పూయలేదు.”

“...ఇక్కడా అంతే. చూడు, నువ్వే తియ్యి.”

“ఉండు. నన్ను చూడనీ.”

“గోళ్ళు విరుగుతాయి. వదిలెయ్.”

“చేప ముద్ర కూడా పోయింది దీని మీద.”

“అంతా ఉప్పు పట్టి రాలిపోయింది.”

“మంచి మేస్త్రీని పెట్టి రాలిన ఇటుకలు తీసి కొత్తవి పెట్టిస్తే? నేను అడుగుతున్నాను, తెలియక అడుగుతున్నాను. చొక్కా మోచేతి దగ్గర చిరిగితే ఆ ముక్క కత్తిరించి వేరేది వేస్తాను. చొక్కా చొక్కాలానే ఉంటుంది.”

“నీ దగ్గరికి ఎవరైనా ఒక పాత చొక్కా తెచ్చారనుకో. గుడ్డ మొత్తం చివికిపోయి, అతుకు వెయ్యబోతే సూది దిగిన చోటల్లా చిరుగుతోంది. ఏం చేస్తావు?”

“దారం నిలవదు అంటాను.”

“అని?”

“తీసుకుపొమ్మంటాను. ఊరికే కుట్టి ఇస్తే పాపం రెండు రోజులు సంతోషపడతారు, మూడోరోజు నడివీధిలో చిరుగుతుంది. అందుకని ముందే చెప్తాను. కొందరు ఏడుస్తారు. పోయినవాళ్ళ చొక్కాలవీ తెస్తారు కదా.”

“నేనూ అదే చెప్తున్నాను.”

“ఇంకొకసారి చూడు పిట్టా.”

“చూశానత్తా.”

“లోపలి మధ్యగోడ చూడలేదు. వెనకది పడిపోతే పడిపోనీ, ముందు భాగం మధ్యగోడ మీద నిలుస్తుందిగా. ముందుగది చాలు నాకు. మిషను పడితే చాలు.”

“మధ్యగోడకి పై కమాను దగ్గర బీట ఉంది కదా. అదే నువ్వు కాగితాలంటించింది. అది వెనక గోడ లాగుతున్న బీట. ఇది పోతే అదీ వస్తుంది. ఒక పెద్ద వాన చాలు. నువ్వు ఇందులో పడుకోవడం కూడా...”

“కమిటీకి ఏం రాస్తావు? విలువ లేదని రాస్తావా?”

“లేదు. విలువ చాలా ఉందని రాస్తాను. ఇలాంటి ఇటుక పని, ఆ కమానులు, గిలకా, మాట గొట్టమూ, అన్నీ ఉన్న షావుకారు ఇల్లు ఇంకోటి లేదని రాస్తాను. ఒక్కటి కూడా వదిలిపెట్టను. ఆ తరవాత, నిలబడదు అని రాస్తాను.”

“అంత విలువుందని రాసి, కింద నిలబడదని ఎలా రాస్తావే? చెయ్యి ఆడుతుందా?”

“ఆడుతుందో లేదో రేపు తెలుస్తుంది.”

“వాళ్ళిచ్చే డబ్బు కోసం రాయడం లేదుగా?”

“...అలా అడిగావేంటత్తా.”

“అడగాలి. మాస్టారు అడుగుతాడు. ఇంటి ముందునించి పోయేవాళ్ళంతా అడుగుతారు. నీ మొహం చూసి నేను అడిగితే తరవాత వాళ్ళ మొహాలు చూసి నేను చెప్పుకోగలను.”

“లేదు. డబ్బు కోసం కాదు. ఇది నిలబడేదయితే, వాళ్ళ కారు వాళ్ళ మొహానే కొట్టి ఈ గుమ్మంలో అడ్డంగా పడుకునేదాన్ని. ఒట్టు.”

“ఒట్టు పెట్టకు. సరే.”

“ఒకటి మాత్రం ఉందత్తా. ఇంకా నీకు చెప్పనిది. వీధివైపు గోడ ఒక్కటీ గట్టిగా ఉంది. దానికి సిమెంటు పూయలేదు, ఎండ బాగా తగిలింది. వెనకనుంచి ఇనప చట్రం వేసి దాన్ని నిలబెట్టచ్చు. కంపెనీవాళ్ళు ఒప్పుకున్నారు. వెనక మొత్తం తీసేసి దుకాణాలు కడతారు. ముందు ఈ గోడ అలాగే ఉంచుతారు, కమానులతో సహా. ఒక పలక మీద తాళ్ళ షావుకారు పేరు రాయిస్తామన్నారు.”

“అంటే మొహం ఒలిచి పెట్టుకుంటారా?”

“అత్తా...”

“వీధిలోంచి చూసేవాళ్ళకి ఇల్లు ఉన్నట్టే ఉంటుంది. గుమ్మంలోంచి అడుగు పెడితే చెప్పుల కొట్టు. అంతేనా?”

“ఏమీ లేకపోవడం కంటే...”

“మేలేనా?”

“నాకు తెలియదు. చదువుకున్నప్పుడు మేలనే చెప్పారు.”

“నువ్వేమంటావు?”

“ఆ వీధిలోంచి నేను మళ్ళీ నడవలేను.”

“ఊఁ. లోపలికి రా. చేతులు కడుక్కో, ఎర్రగా అయ్యాయి. గుమాస్తా వస్తాడు, ప్యాంట్లు పూర్తి చెయ్యాలి.”

“ఇప్పుడు ప్యాంట్లేంటత్తా.”

“ఇల్లు పడిపోతోందని గుమాస్తా ప్యాంటు లేకుండా బ్యాంకుకి వెళ్తాడా? ఆ తెల్ల సుద్దముక్క అందుకో.”

“నీకు ఊరి బయట ఫ్లాటిస్తారు. కంపెనీ మేనేజరు చెప్పాడు.”

“నాకూ చెప్పాడు. ఏడో అంతస్తట. కింద వీధి చీమలబారులా కనపడుతుందట, చాలా బాగుంటుందట. ప్యాంటంచు కుట్టించుకోడానికి ఏడో అంతస్తుకి ఎవరెక్కుతారే? గుండీ ఊడినవాడు లిఫ్టు కోసం నిలబడతాడా? అలా వీధిలో పోతూ పోతూ, తలుపు తీసుంది కదా అని లోపలికి తొంగి చూసేవాళ్ళే నా జనం.”

“నాతో వచ్చి ఉండు.”

“నీ ఇంట్లో మిషను ఎక్కడ పెడతావు?”

“హాల్లో పెడదాం.”

“ఆ చప్పుడుకి మీ ఆయన ఎన్నాళ్ళుంటాడు? నేనొచ్చాక ఆయన్ని వెతుక్కోవాలి నువ్వు.”

“ఆయనేమీ అనడు.”

“అనడు. అననివాళ్ళతో ఉండటమే కష్టం. వద్దులే పిట్టా. కాస్త ఆ దీపం వెయ్యి. చీకటి కమ్మేసింది.”

“ఇంకా వెలుతురుంది కదా అత్తా.”

“నాకు కనపడట్లేదు.”

“...ఇటివ్వు, నేను ఎక్కిస్తాను దారం.”

“ఇదే మొదటిసారి నేను ఇంకొకరి చేత ఎక్కించుకోవడం.”

“ఏడవకత్తా.”

“ఏడవట్లేదు. పొడి పడింది కళ్ళలో. ఎప్పుడు మొదలెడతారు?”

“రిపోర్టు అందాక కమిటీ కూర్చుంటుంది. ఆ తరవాత ఎక్కువ ఆగరు. వానలు రాకముందే దించెయ్యాలని నేనే రాయాలి. లేకపోతే దానంతట అదే పడుతుంది, వీధిలో ఎవరో ఒకరి మీద.”

“అర్జీ మీద ఇంతమంది సంతకాలు పెట్టారు. మాస్టారు మోకాళ్ళు నొప్పులంటూనే ఇంటింటికీ తిరిగాడు. ఆయనకేం చెప్పను?”

“నేను చెప్తాను.”

“నువ్వొద్దు. నేనే చెప్తాను. ఆయన కాసేపు వాదిస్తాడు, తరవాత ఊరుకుంటాడు. ఊరుకున్నాకే కష్టం.”

“అత్తా, ఒక మాట. వాళ్ళు కావాలనే నన్ను పట్టుకున్నారు. ఇంతమంది ఇంజనీర్లుండగా, మొన్న మొన్న బోర్డు కట్టుకున్న నన్ను. మేనకోడలి చేత రాయిస్తే నువ్వు నోరెత్తవనీ, కోర్టుకి వెళ్ళవనీ. అది తెలిసి కూడా ఒప్పుకున్నాను. ఇంకెవరైనా వచ్చుంటే నువ్వు వాణ్ణి తిట్టుకునేదానివి. నామీద నీకు ప్రేమైనా మిగిలేది.”

“ఎవరు చెప్పారు అలాగని?”

“ఎవరు చెప్పాలి? అంతా కంపెనీ వాళ్ళ తెలివి.”

“ఆ మేనేజరు మంచివాడేనే. అంత తెలివి లేదు పాపం. నీకంటే ముందు ఇద్దర్ని పంపాడు. ఒకాయన కోటేసుకొచ్చాడు, ఒకాయన పేద్ద మీటరు పట్టుకొచ్చాడు. ఇద్దరికీ నేను తలుపు తియ్యలేదు. ఏం చెప్తారో తెలుసు, చెప్పినా నేను వినను, మిషను ముందు కూర్చుని ఉంటాను, కూల్చుకోండి అన్నాను. చివరికి ఆయనే వచ్చి ఈ గుమ్మంలో నిలబడి, నీళ్ళడిగి తాగి, ఎవరు పడిపోతుందంటే నమ్ముతావమ్మా నువ్వు అని అడిగాడు. నీ పేరు చెప్పింది నేనే.”